కబుర్లకు తప్పుండదు

నోటీసు వచ్చిన రోజున మా ఆయన దాన్ని చదివి, మడిచి, కందిపప్పు డబ్బా కింద పెట్టి, "శాంతా, చారులో ఇంగువ ఎక్కువైంది" అన్నారు. పోయిన వారం అక్కడ ఆగాం. ఆ రోజు నుంచీ మా ఇంట్లో చారు ఎవరికీ సయించడం లేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మా ఆయన పూర్ణచంద్రరావు గారు కాలేజీలో సైకాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. గవర్నర్‌పేటలో ఒక మేడగది అద్దెకు తీసుకుని, ముప్పయ్యేళ్ళుగా సాయంత్రాలు మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడుతున్నారు. ఇప్పుడు కొత్త నిబంధనలొచ్చాయి. సైకాలజీ పని అంటే ఏది, దాన్ని ఎవరు చెయ్యాలి, ఆ పేరు బోర్డు మీద ఎవరు రాసుకోవాలి అన్నీ చట్టంలో రాశారు. రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఆ పని చేస్తే నేరం. మా ఆయన పేరు అందులో లేదు. పామర్రులో ఎరువుల వ్యాపారం చేసే వెంకటకృష్ణారావు ఆయన మీద ఫిర్యాదు పెట్టాడు. ఇక్కడ హాస్టల్లో ఉండి చదివే తన కూతురు రుచితకు వచ్చిన జబ్బును ఈయన బెంగ అని చెప్పి ఇంటికి పంపేశారనీ, దానివల్ల జబ్బు ముదిరిందనీ. కమిటీ ముందు విచారణకు రమ్మని ఆ నోటీసు.

మా తమ్ముడు అనంతకృష్ణ ప్లీడరు. వాడు నోటీసు చూసి చిటికె వేశాడు.

"ఇదేం కేసక్కా! బావగారు ఒక్క మాటంటే చాలు, పేలపిండిలా ఎగిరిపోతుంది. 'నేను వైద్యం చెయ్యలేదండీ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పాను' అనాలి. కబుర్లకు లైసెన్సు అక్కర్లేదు. ఉంటే మన బెజవాడలో సగంమంది ఈపాటికి జైల్లో ఉండాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఇష్టంలేని మాట పడితే ఆయన చెవులు ఊళ్ళో ఉండవు.

విచారణకు ముందురోజు సాయంత్రం వాన వెలిశాక సత్యనారాయణపురంలోని మా ఇంటి గేటు చప్పుడైంది. చూస్తే భానుశ్రీ. చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడింది.

"నేను రాకూడదు పిన్నిగారూ. రేపు కమిటీవాళ్ళు నన్నే నిపుణురాలిగా అభిప్రాయం చెప్పమన్నారు. మీ గడప తొక్కానని తెలిస్తే నాకూ మాటే. కాళ్ళు ఆగలేదు."

"కాళ్ళు వచ్చేశాయిగా, కడుక్కుని లోపలికి రా" అన్నాను.

భానుశ్రీ ఎవరో చెప్పాలంటే ఆ మేడగది గురించి చెప్పాలి. చెప్పకపోతే నా బాధ మీకు తెలియదు.

కింద గాజుల హోల్‌సేల్ కొట్టు. పెట్టెలు దింపినప్పుడల్లా గలగలమని పైదాకా వినిపించేది. ఎక్కడానికి చెక్కమెట్లు, కుడివైపు పట్టుకుంటే ఊగే రెయిలింగు. మెట్ల మొదట్లో ఆయన పేరుతో బోర్డు. పేరు కింద సైకాలజిస్టు అని, దాని కింద "మనసు బాగోలేదా? పైకి రండి" అని బాణం గుర్తు వేయించారు. ఊళ్ళనుంచి సరుక్కొచ్చిన షావుకార్లు చీకట్లో పై ముక్క చదవకుండా, బాణం మాత్రం చూసి లాడ్జీ అనుకుని ఎక్కేసేవారు. "బాత్రూము లోపలేనాండీ?" అని అడిగేవారు. ఆయన నవ్వకుండా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేవారు. ఏ ఊరు, ఏం వ్యాపారం, ఇంటి దగ్గర ఎవరెవరు అని అడిగేవారు. ఒకాయన అలా బాత్రూము కోసం వచ్చి, చచ్చిపోయిన తమ్ముడి గురించి చెప్పి వెక్కి వెక్కి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని దిగిపోయాడు. మెట్లు దిగాక గుర్తొచ్చి మళ్ళీ ఎక్కాడు పాపం, బాత్రూము కోసం.

ఆడపిల్ల వస్తే గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలని ఆయన నియమం. అందుకని స్కూలు వదలగానే నేను అక్కడికి పోయేదాన్ని. మూల కుర్చీలో కూర్చుని తెలుగు కాంపోజిషన్లు దిద్దుకునేదాన్ని. కిటికీలోంచి బజ్జీల వాసన, సిటీబస్సుల హారన్లు, ఆటోవాళ్ళ కేకలు. ఆ గోలలో కూడా ఆయన గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు. ఇంటికి వచ్చేటప్పుడు ఇద్దరం నడుచుకుంటూ వచ్చేవాళ్ళం. దారిలో నాకు మల్లెపూలు కొనిపెట్టేవారు, అడక్కపోయినా. ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో బాగున్న భాగమంతా ఆ చెక్కమెట్ల మీదే ఉన్నట్టు అనిపిస్తుంది.

అలాంటి ఒక సాయంత్రం హాస్టలు వార్డెను ఒక పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. గుణదలలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న పిల్ల. పామర్రు అవతల ఏదో ఊరు. హాస్టలు అన్నం ముందు కూర్చుంటే గొంతు పూడుకుపోతోందట. చిక్కి సగమైంది. అందరూ "ఊరు మర్చిపో, బుద్ధిగా చదువుకో" అని చెప్పిచెప్పి విసిగిపోయారు. ఆ పిల్లే భానుశ్రీ.

మా ఆయన ఆ పిల్లను ఊరు మర్చిపొమ్మనలేదు. "మీ ఊరికి కాలవ ఉందా? కాలవకు నీళ్ళొదిలిన రోజున ముందు ఏమొస్తుంది, చప్పుడా, వాసనా?" అని అడిగారు.

పిల్ల అంతసేపటికి తలెత్తింది. "నురగొస్తుందండీ. ముందు నురగ, చెత్తని తోసుకుంటా వస్తది. దాని ఎనకాల నీళ్ళు."

ఇక ఆగలేదు. నురగ తర్వాత చేపపిల్లలు, చేపపిల్లల తర్వాత అమ్మ, అమ్మ తర్వాత ఏడుపు. వారం వారం వచ్చేది. వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఒక్కో వీధి చెప్పేది. మొత్తం ఊరు చెప్పడం అయిపోయేసరికి హాస్టల్లో రెండోసారి అన్నం అడిగి తింటోందని వార్డెను కబురు చేసింది.

"బెంగను తరమకూడదు శాంతా" అనేవారు మా ఆయన. "తరిమితే వెంటపడుతుంది. పీట వేసి కూర్చోబెట్టి కడుపునిండా అన్నం పెట్టాలి. తిన్నాక అదే లేచి పోతుంది."

ఆ పిల్ల తర్వాత మా ఆయన కాలేజీలోనే చేరి ఆ చదువే చదివింది. ఎమ్మేతో ఆగకుండా, ఆసుపత్రిలో ఉండి చేసే పెద్ద ట్రైనింగు కూడా చేసి, రిజిస్టరులో పేరెక్కించుకుంది. రింగురోడ్డు దగ్గర పెద్ద క్లినిక్కు పెట్టింది. దసరాకి, ఉగాదికి వచ్చి మా ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, "మాస్టారూ, బోర్డు మీద ఆ సైకాలజిస్టు అన్న మాట తీసేయండి, రోజులు మారుతున్నాయి" అని పోరుపెట్టేది. ఆయన "మారనీలే" అనేవారు. మొండిఘటం అని ఊరికే అంటానా నేను!

సరే, ఆ సాయంత్రానికి వద్దాం. కాఫీ ఇచ్చాను. భానుశ్రీ తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"మాస్టారూ, రేపు నన్ను ఒక్కటే అడుగుతారు. మీరు చేసింది చట్టంలో చెప్పిన సైకాలజీ ప్రాక్టీసు కిందికి వస్తుందా, రాదా అని."

"ఏం చెప్పారు చట్టంలో? చదివావా?"

"నోటికొచ్చు. పొడుగ్గా ఉంటుంది గానీ సారాంశం చెప్తాను. మనిషి మనసులో ఇబ్బంది ఏమిటో కనిపెట్టి, శాస్త్రంలో ఉన్న పద్ధతి ప్రకారం దాన్ని తగ్గించడానికి చేసే పని."

మా ఆయన ముఖం విప్పారింది. వెనకబెంచీ పిల్లాడు మంచి జవాబు చెప్పినప్పుడు అలా విప్పారేది.

"ఎంత శుభ్రంగా రాశారే! నేను అన్నేళ్ళు పాఠం చెప్పి కూడా ఇంత క్లుప్తంగా చెప్పలేకపోయాను. మా రోజుల్లో సైకాలజీ అంటే చెయ్యి చూసి జాతకం చెప్పడం అనుకునేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో మీ పిన్నిగారి నాన్న నన్ను చిలకుందా అని అడిగాడు. ఇన్నాళ్ళకు మన పనికి ఒక నిర్వచనం వచ్చింది భానూ!"

మెడమీద పెట్టిన కత్తి పదును చూసి మెచ్చుకునే మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

"అయ్యో మాస్టారూ, అందుకే చెప్తున్నాను!" అంది భానుశ్రీ. "మీకు పద్ధతంటూ ఏమీ లేదని చెప్తాను. పెద్దమనిషి కాబట్టి నలుగురినీ ఓదార్చేవారు, అంతకుమించి ఏం లేదు అంటాను. మీరు కబుర్లు చెప్పుకున్నాం అనండి. కేసు కొట్టేస్తారు. హాయిగా ఇంటికి రావచ్చు."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "పద్ధతి లేదా నాకు?"

భానుశ్రీ తల దించుకుంది.

"నీ బెంగ ఎలా పోయింది మరి?"

"కబుర్లతోనే మాస్టారూ" అంది. చెప్పలేక చెప్పింది.

"కాలవ నీళ్ళ సంగతి ఊసుపోక అడిగాననుకున్నావా?"

ఆ మాటకు పిల్ల భోరుమంది. నలభయ్యో పడిలో పడ్డ మనిషి, పెద్ద క్లినిక్కు నడిపే మనిషి, మా ముందుగదిలో హాస్టలు పిల్లలా ఏడ్చింది. "అనుకోలేదు మాస్టారూ. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని ఇప్పటికీ అదే అడుగుతాను, మీరు అడిగినట్టే. కానీ రేపు ఆ ముక్క చెప్తే మీకు శిక్ష పడుతుంది. పేపర్లో వేస్తారు. దొంగ డాక్టరు అని వేస్తారు. ఆ మాట మీ పేరు పక్కన నేను చదవలేను."

నేనూ చదవలేను. ఆ సంగతి ఆయనకు ముఖం మీదే చెప్పాను. "చూడండి, జీవితమంతా తెలుగు టీచరుగా చేశాను. అబద్ధం ఆడమని ఒక్క పిల్లకు కూడా చెప్పి ఎరగను. మీకు చెప్తున్నాను. ఆడండి! కబుర్లు అన్న ఒక్క మాటకు మీ సొమ్మేం పోయింది?"

"కబుర్లయితే ఆ పామర్రు పిల్ల రుచిత సంగతేమిటి శాంతా?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వీపు మాకు పెట్టి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ పిల్ల వచ్చిన రోజు నేను గదిలోనే ఉన్నా, కాంపోజిషన్లు లేకపోయినా ఏదో వారపత్రికలో తల పెట్టుకుని ఉన్నానేమో, ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు.

"ఆ పిల్ల ఏమందో తెలుసా భానూ? 'ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుందండీ' అంది. బెంగ పడ్డ పిల్లలందరూ అనేమాటే. నువ్వూ అన్నావు, అమ్మ పిలిచినట్టుంటుందని. నాకు ఎంత ముచ్చటేసిందో! రిటైరయ్యాక మళ్ళీ నీలాంటి పిల్ల వచ్చిందనుకున్నాను. ఇంటి దగ్గర ఎవరెవరున్నారని అడిగితే నాయనమ్మ రావమ్మ పేరు ముందు చెప్పింది. ఇంకేం, 'నాయనమ్మే పిలుస్తోంది తల్లీ, వెళ్ళి నాలుగు రోజులుండు' అని పంపేశాను. నాయనమ్మ పక్కలో పడుకున్నా ఆ పిలుపు ఆగలేదట. మాస్టారు బెంగ అన్నారు కదా, అదే పోతుందిలే అని వాళ్ళు ఊరుకున్నారు. మూడు నెలలు ఊరుకున్నారు."

"ఎవరు పిలుస్తున్నారు, ఏమంటున్నారు, నీకొక్కదానికే వినిపిస్తోందా అని అడగలేదా?"

భానుశ్రీ గొంతు మారిపోయింది. కళ్ళలో నీళ్ళు ఎప్పుడు తుడుచుకుందో తెలియదు.

"అడగలేదు."

"మాకు అది మొట్టమొదట నేర్పుతారు మాస్టారూ! ఆ ప్రశ్న అడక్కుండా ఏ పిల్లనూ గది దాటనివ్వకూడదు. లేని గొంతులు వినిపిస్తుంటే అది బెంగా? ఇలాంటివి జరక్కూడదనే కదా ఈ చట్టం పెట్టింది! మీలాంటివాళ్ళని అవమానించడానికి పెట్టారనుకున్నారా?"

అనేసి నాలిక్కరుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చేతి చారన్నం తిని మనిషైన పిల్ల, మా ఇంట్లో కూర్చుని మా ఆయనకు పాఠం చెప్తోందా అనిపించింది. నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"కోప్పడకు శాంతా. వచ్చినప్పటినుంచీ ఇప్పుడే నిజం మాట్లాడింది." ఇటు తిరిగారు. ముఖం వడిలిపోయి ఉంది. "బెంగ అనే మాటంటే నాకు మోజు భానూ. ఇంగ్లీషు పుస్తకాలన్నీ వెతికినా దానికి సరిపడే మాట లేదని క్లాసులో గొప్పగా చెప్పేవాణ్ణి. మీరంతా చప్పట్లు కొట్టేవారు. ఆ మాట మీద మోజులో పడి, పిల్ల చెప్పింది వినలేదు. నా మాటే నేను విన్నాను."

భానుశ్రీ చల్లారిన కాఫీ మందులా మింగి, ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. రేపు ఏమంటారని నేను అడిగాను. "నిద్రొస్తోంది" అన్నారు ఆయన. వచ్చిందో లేదో నాకు తెలుసు.

పొద్దున్న బందరు రోడ్డులో ఆ ఆఫీసుకు వెళ్ళాం. అనంతకృష్ణ నల్లకోటు వేసుకుని ముందే వచ్చాడు. మేడ మీద పొడుగాటి గది, పొడుగాటి బల్ల. కమిటీకి పెద్ద ఒకావిడ, రిటైరైన ఆఫీసరట, మాట మెత్తన. పక్కన ఇద్దరు సభ్యులు. భానుశ్రీ చివర కుర్చీలో కూర్చుంది, మావైపు చూడలేదు.

వెంకటకృష్ణారావును తిట్టుకోవడానికి నేను దారిపొడుగునా మాటలు వెతికిపెట్టుకున్నాను. తీరా మనిషిని చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు. నలిగిన తెల్లచొక్కా, మాసిన గడ్డం. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారు చెడ్డోరని నేనెక్కడా రాయలేదండీ" అన్నాడు. "మా పిల్లతో ఎంతో బాగా మాట్లాడారు. ఆ మాట మా పిల్లే చెప్పింది. కాకపోతే ఒకటండీ. నాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. నేను నాసిరకం పురుగుమందు అమ్మాననుకోండి, రైతొచ్చి నా చొక్కా పట్టుకుంటాడు. నా లైసెన్సు పీకేస్తారు. వరి పోతే అడగటానికి ఒక మనిషున్నాడండీ. నా పిల్ల మూడు నెల్లు కంటిమీద కునుకు లేకుండా గోడకేసి మాట్లాడితే నేనెవర్నడగాలండీ? ఆఫీసుకెళ్తే ఆయన పేరు రిజిస్టర్లోనే లేదన్నారు. లేని మనిషిని ఎట్టా అడిగేదండీ?"

అతను కండువాతో ముఖం తుడుచుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆ పిల్ల మా గదిలోంచి నవ్వుతూ మెట్లు దిగడం నాకు గుర్తొచ్చింది.

అనంతకృష్ణ లేచి, తన బావగారు వయసులో పెద్దవారనీ, పదిమందికీ మంచిమాట చెప్పే స్వభావమనీ, అది వృత్తి కాదనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. పెద్దావిడ అంతా విని, "ఆయన్నే చెప్పనివ్వండి" అంది. "మాస్టారూ, ఆ గదిలో మీరు చేసే పనేమిటి?"

కూర్చునే చెప్పండన్నా మా ఆయన లేచి నిలబడ్డారు. అనంతకృష్ణ వెనకనుంచి గుసగుసగా "కబుర్లు, కబుర్లు" అంటున్నాడు, స్కూలు నాటకంలో మాట అందించినట్టు.

"మా బావమరిది కబుర్లు అనమంటున్నాడండీ" అన్నారు మా ఆయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు. "మా ఆవిడా అదే అనమంది. అంటే సులువే. కానీ ఒక చిక్కుందమ్మా. కబుర్లకు తప్పుండదు. కబుర్లు చెప్పి ఇంటికి పంపిన పిల్లకు జబ్బు ముదిరితే అది ఆ పిల్ల ఖర్మ అవుతుంది గానీ నా తప్పు కాదు. తప్పనేది పనికే ఉంటుంది. నేను తప్పు చేశాను. చేశానంటే, నేను చేసింది పనే. సైకాలజీయే. దానికి నాకు పద్ధతుంది. ఆ పద్ధతి ఎంతోమందికి పనికొచ్చింది, ఆ పిల్ల దగ్గర తప్పింది. అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు."

వెంకటకృష్ణారావు వైపు తిరిగి చేతులు జోడించారు.

"అడగడానికి మనిషి లేడన్నారు కదండీ. ఉన్నాను. అడగండి."

అనంతకృష్ణ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే, మల్లెపూల పొట్లం పట్టుకుని నా పక్కన నడిచిన మనిషి మళ్ళీ కనబడ్డారు. ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

పెద్దావిడ భానుశ్రీని చూసింది. "మీ అభిప్రాయం చెప్పండి. నిర్వచనం ప్రకారం ఇది ప్రాక్టీసేనా?"

భానుశ్రీ బల్ల అంచు పట్టుకుని లేచింది. "అవునండీ. ప్రాక్టీసే." "నాకు బాగా తెలుసు. పదహారేళ్ళప్పుడు నేను ఆయన పేషెంటుని. ఆయన పద్ధతితోనే బాగుపడ్డాను. ఈ మాట ముందే చెప్పి ఈ కుర్చీలో కూర్చోకుండా ఉండాల్సింది. నా అభిప్రాయం చెల్లుతుందో లేదో మీరు తేల్చుకోండి. అడిగారు కాబట్టి ఉన్నది చెప్పాను."

మా ఆయన తల ఊపారు. ఆ తల ఊపుడు నాకు తెలుసు. నూటికి నూరు వేసేటప్పటి తల ఊపుడు.

వాళ్ళు పక్కగదిలోకి వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. చివరి నిర్ణయం తర్వాత చెప్తారట. అందాకా మేడగది మూసేయాలి. బోర్డు తీసేయాలి. ఎవరికీ మానసికమైన సలహా ఇవ్వకూడదు. ఆ ఉద్దేశంతో ఎవరితోనూ సంభాషించకూడదు. పెద్దావిడ చదివి వినిపించి, "అర్థమైందా మాస్టారూ?" అని అడిగింది. ఆవిడ నోటికి కూడా మాస్టారనే పిలుపే వచ్చింది.

"బాగా అర్థమైందమ్మా" అని సంతకం పెట్టారు.

మెట్లు దిగుతుంటే ఆయన నా భుజం పట్టుకున్నారు. ఎప్పుడూ పట్టుకోరు. ఇక సాయంత్రం అయితే ఈయన ఎక్కడికి పోతారు, ఏం చేస్తారు అని నాకు దిగులు మొదలైంది. మా వెనక అనంతకృష్ణ, వాడి వెనక కాస్త దూరంగా భానుశ్రీ. కిందికి వచ్చేసరికి వెంకటకృష్ణారావు వేపచెట్టు నీడలో మాకోసం నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, ఒక్క మాటండీ" అన్నాడు. పొద్దుటి గొంతు కాదు. "అమ్మాయి వచ్చింది. కార్లో ఉంది, మా అమ్మతో. మందులు వాడతన్నాం, ఇప్పుడు కాస్త బాగానే ఉంటంది. మిమ్మల్ని చూడాలని పొద్దుట్నుంచీ ఒకటే పోరు. నేనొద్దంటే వద్దన్నాను. మీరు లోపల ఆ మాటన్నాక ఇంక వద్దనలేకపోతన్నా." గొంతు తగ్గించాడు. "ఆ పిలిచేది ఎవరో, ఏమంటదో డాక్టరు గారికి కూడా చెప్పట్లేదండీ. ఎంత అడిగినా నోరిప్పదు. మాస్టారికే చెప్తానంటంది."

అనంతకృష్ణ ఒక్క ఉదుటున వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "బావగారూ, వద్దు! సంతకం తడి ఆరలేదింకా. ఆ పిల్లతో నోరు విప్పారంటే ఆర్డరు ధిక్కరించినట్టే. ఈసారి కబుర్లన్నా ఎవరూ నమ్మరు. నేను కూడా ఏం చెయ్యలేను."

రోడ్డువార ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంది. రుచిత దిగింది. నాకు గుర్తున్న పిల్లకన్నా చాలా చిక్కిపోయింది. ఎవరో శ్రద్ధగా నూనె రాసి గట్టిగా జడ వేశారు. నాయనమ్మ లోపలినుంచి చున్నీ పట్టుకుని లాగుతున్నా వదిలించుకుని రెండడుగులు వేసింది.

"మాస్టారూ!"

ఎవరైనా పిలిస్తే పలక్కుండా ఉండడం మా ఆయనకు చేతకాదు. వీధిలో కూరగాయలమ్మి పిలిచినా, రాంగ్ నంబరువాడు పిలిచినా, నిద్రలో నేను పిలిచినా పలుకుతారు. ఆయన పెదవులు కదిలాయి. మాట గొంతుదాకా వచ్చి ఆగడం నేను కళ్ళారా చూశాను. మెల్లగా వెనక్కి తిరిగి, భానుశ్రీని వెతుక్కున్నారు.

"భానూ" అన్నారు. "పలకొచ్చా?"

చట్టమంతా నోటికొచ్చిన పిల్ల. ఒక్క మాట నోట రాలేదు.

రుచిత మళ్ళీ పిలిచింది.